మూడు రేవుల వంజరం

విశాఖపట్నం,
8 జూలై 2001

ప్రియమైన బావకు,

క్షేమంగా చేరాను. అత్త ఇచ్చిన చింతకాయ తొక్కు సీసా రైల్లో పగల్లేదు. హాస్టల్లో నా గది రెండో అంతస్తు. కిటికీలోంచి సముద్రం కనపడదు, వాసన మాత్రం వస్తుంది. పెళ్లయి ఏడాది తిరక్కముందే పెళ్లాన్ని చేపల మీద పరిశోధన చేసుకోమని రైలెక్కించినవాడు తాడిపత్రి మొత్తంలో నువ్వొక్కడివే అయుంటావు.

రైలు కదిలేటప్పుడు అడిగావు, "ఇంతకూ నువ్వు చేసే పనేంది? అమ్మ అడిగితే నేనేం చెప్పాల?" అని. అప్పుడు చెప్పడానికి తీరికెక్కడ? ఇప్పుడు రాస్తున్నాను, అత్తకు చదివి వినిపించు.

వంజరం అని ఒక చేప. మూరెడు పిల్ల నుంచి మనిషెత్తు వరకూ పెరుగుతుంది. ఒకచోట నిలవదు, వందల మైళ్లు ఈదుతుంది. దాన్ని విశాఖ వాళ్లు పడతారు, తూత్తుకుడి వాళ్లు పడతారు, అటు పడమటి సముద్రంలో మంగళూరు వాళ్లు పడతారు. ఏటేటా దొరికేది తగ్గిపోతోంది. ఏ రేవులో అడిగినా పక్క రేవు వాళ్లే ఊడ్చేస్తున్నారంటారు. ఇప్పుడు తేలాల్సింది ఏమిటంటే, ఈ మూడు రేవుల్లో పడేది ఒకే కుదురు చేపా, అంటే కలిసి గుడ్లు పెట్టే ఒకే మందా, లేక ఎవరి కుదురు వాళ్లదా? ఒకటే అయితే అందరూ కలిసి వేట ఆపాలి, ఒక్కరు ఆపి లాభం లేదు. వేరైతే ఎవరి చేపను వాళ్లే కాపాడుకోవాలి. ఇక్కడ అయిపోతే అక్కడి నుంచి వచ్చి నిండదు.

పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని రెక్క కొసన గోరంత ముక్క కత్తిరించి స్పిరిట్ సీసాలో వేస్తాను. దాంట్లోంచి డీఎన్ఏ తీసి చూస్తాం. కలిసి గుడ్లు పెట్టే చేపల్లో తరాల గుర్తులు కలిసిపోయి ఉంటాయి. విడిగా పెట్టేవాటిలో మెల్లగా తేడా పడుతుంది.

మా గైడ్ రామదాసు గారు మాట తక్కువ మనిషి. రేవులో ఎర్రన్న అని పడవల పెద్ద ఉన్నాడు. మొదటిరోజు నా కత్తెర చూసి, "ఏటి పాపా, మా సేపకి రెక్కలు కోసేత్తన్నావు? రెక్క నేని సేపని ఎవుడు కొంతాడు?" అని కేకలేశాడు. చిన్న ముక్కే అని చూపిస్తే నవ్వి, తనే చేపను పట్టుకుని నిలబడ్డాడు.

నువ్వు వేళకు తిను.

నీ
హేమ

*

తాడిపత్రి,
21 జూలై 2001

హేమకు,

నీ ఉత్తరం అమ్మకు రెండుసార్లు చదివాను. అంతా విని, "సముద్రంలో చేపకు ఊరేందిరా? నీళ్లు యాడుంటే ఆడికి పోతాది. దాన్ని కనుక్కునేదానికి నా కోడలు అంత దూరం పోవల్నా?" అంది. మళ్లీ తనే, "పోనీలే, గవర్నమెంటోళ్లకు తెలీనిది మా హేమకు తెలుస్తాది" అని పక్కింటి వనజాక్షి టీచరుకు గొప్పగా చెప్పుకుంది. ఆ మర్నాడే గార్లదిన్నెలో మన చేను దగ్గరికి పోయి శెనక్కాయ విత్తనాలు చూసుకుని వచ్చింది. మబ్బు పడుతోంది, పోతోంది.

నా పని మామూలే. పాలిషు పట్టిన బండలు లారీకెక్కించడం, లెక్క సరిచూడటం. ఈ మధ్య తిప్పేష్ అని నల్లమాడ వైపు మనిషి చేరాడు. ఇద్దరు మోసే బండను ఒక్కడే నిలబెడతాడు. నోరు కూడా అంతే బలం. నీ చేపల సంగతి చెబితే, "అన్నా, ఒదినను బండలకు గూడా కుదురు కనుక్కోమను. ఏ బండ ఏ గనిదో తెలీక మనం సస్తాండాం" అన్నాడు.

నువ్వు లేకపోతే ఇల్లు పెద్దదైనట్టుంది. అంతకంటే రాస్తే వనజాక్షి టీచర్ నవ్వుతుంది, ఎందుకంటే కవరు అంటించి పోస్టు డబ్బాలో వేసేది ఆమే.

నీ బావ
గిరి

*

విశాఖపట్నం,
14 నవంబర్ 2001

ప్రియమైన బావకు,

ఈ కవరు చించేటప్పుడు నువ్వు కూర్చుని ఉండు. ఫలితం వచ్చింది!

మూడు రేవుల నుంచి మూడు వందల చేపలు పరీక్షించాం. తూత్తుకుడి, మంగళూరు దాదాపు ఒకలా ఉన్నాయి. విశాఖ మాత్రం వేరు. కొద్దిగా కాదు, చాలా వేరు. రామదాసు గారు కాగితాలు మూడుసార్లు తిరగేసి, "హేమావతీ, ఇలాంటి తేడా నా ఉద్యోగంలో చూడలేదు" అన్నారు. ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం నేనూ ఎప్పుడూ చూడలేదు.

నివేదిక మత్స్యశాఖకు పంపేశాం. ఫిబ్రవరిలో సమావేశం ఉంది. విశాఖ వంజరం వేరే కుదురని తేలింది కనుక, ఎండాకాలం వేట ఆపే రోజులకు తోడు ఈ తీరానికి మాత్రం ఇంకో నెల వంజరం వలలు ఆపాలని అందులో రాశాం. ఎర్రన్న వాళ్లకు కష్టమే. కానీ చేప మిగిలితేనే కదా వాళ్లకు రేపు.

ఇదే ఊపులో పోతే వచ్చే ఏడు ఈపాటికి థీసిస్ ఇచ్చేసి ఇంటికి వచ్చేస్తాను. అత్తకు చెప్పు, చేపకు ఊరుందని.

నీ
హేమ

*

తాడిపత్రి,
1 డిసెంబర్ 2001

హేమకు,

చాలా సంతోషం. అమ్మ వీధంతా చక్కెర పంచింది.

ఇక్కడ విశేషాలేమీ లేవు. కరెంటు కోతల వల్ల ఫ్యాక్టరీ సరిగా నడవడం లేదు. నేను ఇంటి దగ్గరే ఉంటున్నాను. పాత పత్రికలు చదువుకుంటున్నాను. నువ్వు డిసెంబరు సెలవులకు వస్తానన్నావు కదా, పని వదిలి రావద్దు. సమావేశం అయ్యాకే రా. అప్పటికి నాకూ తీరిక దొరుకుతుంది.

ఉంటాను.

గిరి

*

విశాఖపట్నం,
18 డిసెంబర్ 2001

బావకు,

నీ ఉత్తరం అందింది. రావద్దన్నావు కాబట్టి రావడం లేదు.

పని బాగానే ఉంది. కొద్దిగా తలనొప్పి, అంతే. సమావేశం గురించి ఎవరికీ ఎక్కువ చెప్పొద్దని అత్తకు చెప్పు. ఇంకా ఏదీ ఖాయం కాదు.

హేమ

*

తాడిపత్రి,
29 డిసెంబర్ 2001

(హేమావతికి, వనజాక్షి రాయునది. మీ అత్త లక్ష్మక్క చెబుతుంటే ఆమె మాట ఆమె మాటగానే రాస్తున్నాను. గిరి ఇంట్లో లేని వేళ చూసి వచ్చింది.)

ఏమ్మే హేమా, బాగుండావా? నేను బాగుండా. నీ మొగుడు బాగలేడు. వాడు చెప్పొద్దన్న్యాడు, నేను చెప్తాండా. పోయిన నెల్లో లారీకి బండలెత్తేటప్పుడు బండ జారి వాని కుడికాలి మీద పడె. ఎముక ఇరిగింది. అనంతపురం పెద్దాసుపత్రిలో కట్టు కట్టినారు. ఇప్పుడు కర్ర పట్టుకోని ఇంటి ముందర నడస్తాండాడు. భయం లేదు, కాలు కూడుతాది అన్న్యాడు డాక్టరు. నువ్వు ఏడ్సద్దు. ఏడ్సేదానికి చెప్పల్యా.

ఆ తిప్పేష్‌గాడు బండ ఇడిసిపెట్టినాడంట. వాన్ని పనిలోనుంచి తీసేసినారు. మంచోడు, పాపం, ఏమైందో ఏమో.

నేను ఎందుకు రాపిస్తాండానంటే, మొన్న నీ జాబు వీడు సదివితే ఇన్న్యా. అది నా కోడలి జాబు మాదిరి లేదు. నువ్వు రాస్తే పేజీలు పేజీలు రాస్తావు. ఈసారి నాలుగు ముక్కలు రాసినావు, అందులో తలనొప్పి ఒకటి. ఈడ వీడు కాలు దాపెట్టినాడు, ఆడ నువ్వేం దాపెట్టినావు? ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని అనుకోని గమ్మునుంటే, నేను మీ మధ్యన ఎవురితో మాట్లాడల్ల?

జాబు రాయి. పెద్దదిగా రాయి.

లక్ష్మక్క

*

విశాఖపట్నం,
6 జనవరి 2002

బావా,

అత్త ఉత్తరం చూసి మొదట నీ మీద కోపం వచ్చింది. కాలు విరిగితే కరెంటు కోత అని రాస్తావా? రైలెక్కేద్దామని సంచి కూడా సర్దుకున్నాను. సర్దుతుంటే అత్త అడిగిన ప్రశ్న గుర్తొచ్చి కూర్చుండిపోయాను. నాకు నిన్ను అనే హక్కు లేదు.

డిసెంబరు పన్నెండో తారీఖు రేవుకు వెళ్లాను. నివేదిక అట్ట మీద వేసిన ఫోటో ఎర్రన్నకు చూపించాలని. సెప్టెంబరులో వాన రోజున తీసిన బుట్ట ఫోటో, నిండా చిన్న చేపలు. ఆయన దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"పాపా, ఇందుల సగం వంజరాలు కావు."

"అదేమిటి తాతా? పిల్ల వంజరాలు కదా."

"కావే. ఇది ఏరే జాతి. పెద్దదయినా మూరెడు దాటదు. వంజరానికి పక్కనున్న గీత, రెండో రెక్క కాడ కిందకి దిగిపోతాది. దీనికి సూడు, మెల్లగా సాగిపోయింది. పిల్లప్పుడు రెండిటికీ సుక్కలుంతాయి. మా ఆడోలే ఒక్కోపాలి మోసపోతారు."

బావా, ఆ రోజు వాన జోరుగా ఉంది. తడుస్తూ, చేపను పూర్తిగా చూడకుండా, బుట్టలోంచి పైకి తేలిన రెక్కలు కత్తిరించుకుంటూ పోయాను. తిరిగొచ్చి సీసాల నంబర్లు సరిచూశాను. ఆ బుట్ట ముక్కల్లో ముప్పై ఎనిమిది మిగతా వేటితోనూ కలవడం లేదు, ఆ వేరే జాతివి అవే. విశాఖ వేరే కుదురని చూపించినవి సరిగ్గా ఆ ముప్పై ఎనిమిదే. వాటిని తీసేస్తే తేడా లేదు. ఏమీ లేదు.

నేను కనిపెట్టింది ఒక్క చేపలో రెండు కుదుళ్లు కాదు, రెండు రకాల చేపలు. అది ఎర్రన్నకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఆయనకు తన మాట వల్ల ఏమైందో తెలియదు. రామదాసు గారికి తెలియదు. నేను ఊరుకుంటే ఫిబ్రవరిలో ఈ తీరం పడవలు మాత్రమే నెల ఎక్కువ ఒడ్డున కూర్చుంటాయి, నేను థీసిస్ ఇచ్చి ఇంటికొస్తాను. చెబితే మళ్లీ మొదటి నుంచి. ఇంకో ఏడాది నీకు దూరంగా. సార్ ముందు తలెత్తుకోవడం ఎట్లా? ఇరవై ఐదు రోజులుగా అన్నం సయించడం లేదు.

నీకు చెప్పేశాను. కాలి మీద బరువు పెట్టకు.

హేమ

*

తాడిపత్రి,
15 జనవరి 2002

హేమకు,

నీ ఉత్తరం చదివిన వెంటనే జవాబు రాయలేకపోయాను. ఏం సలహా ఇవ్వాలా అని కాదు. నేను దాచింది కాలు ఒక్కటే కాదు కాబట్టి.

బండను లారీలో నిలబెట్టే ముందు అడుగున చెక్క పెట్టాలి. పెట్టారా లేదా చూసి "ఎత్తు" అనడం నా పని. ఆ రోజు డ్రైవరుతో మాట్లాడుతూ చూడకుండానే "ఎత్తు" అన్నాను. బండ జారింది. తిప్పేష్ వదిలిపెట్టలేదు. పట్టుకుని వేలాడాడు. వాడు అంతసేపు ఆపబట్టి కాలితో పోయింది, లేకపోతే నా నడుం మీద పడేది. నన్ను ఆసుపత్రికి తీసుకుపోతుంటే యజమాని "ఎవడు వదిలింది?" అని అడిగాడు. ఎవరో తిప్పేష్ పేరు చెప్పారు. నేను విన్నాను. నొప్పిలో ఉన్నాను, మాట్లాడలేదు. నొప్పి తగ్గాక కూడా మాట్లాడలేదు. వాడు నల్లమాడ వెళ్లిపోయాడు.

నిన్న కర్ర పట్టుకుని ఫ్యాక్టరీకి పోయాను. యజమాని ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఇన్ని దినాలు ఏం చేస్తాంటివప్పా?" అన్నాడు. లోడింగ్ పని నా నుంచి తీసేసి, కాలు నయమయ్యాక పాలిషు మిషను మీదకు రమ్మన్నాడు. తిప్పేష్‌ను పిలిపించడానికి ఒప్పుకున్నాడు. ఈరోజు పొద్దున్నే నల్లమాడ బస్సెక్కి పోయి, వాణ్ని వెంటబెట్టుకుని ఇప్పుడే వచ్చాను. దారిలో క్షమించమన్నాను. "అన్నా, నీ కాలు ఇరిగినాది. నాకు పని పోయినాది. సరిపోయె. ఇంక ఆ మాటెత్తద్దు" అన్నాడు. అన్నాడు గాని బస్సు దిగేదాకా నా వైపు చూడలేదు.

అమ్మకు చెబితే రాత్రికి అన్నం పెట్టను పో అంది. పెట్టింది లే.

నువ్వు ఏం చేయాలో నేను చెప్పను. ఇంకో ఏడాది అంటే ఇంకో ఏడాదే. నేను ఎక్కడికీ పోను, ఈ కాలితో పోలేను కూడా.

నీ బావ
గిరి

*

విశాఖపట్నం,
2 ఫిబ్రవరి 2002

ప్రియమైన బావకు,

చెప్పేశాను.

నీ ఉత్తరం అందిన రోజే సార్ గదికి వెళ్లాను. ఫోటో, సీసాల జాబితా బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని ఫోటో చూశారు. "గీత తేడాగానే ఉంది. అట్ట మీద వేసింది నేనే. నేనూ చేపను చూడలేదు కదమ్మా" అన్నారు. ఆ సాయంత్రమే మత్స్యశాఖకు నివేదిక వెనక్కి తీసుకుంటున్నామని రాసి, కింద ముందు తన పేరు, తర్వాత నా పేరు పెట్టారు. సమావేశం వాయిదా పడింది. సంస్థలో కొందరు నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వనీ.

మర్నాడు ఎర్రన్న దగ్గరకు పోయి, చేపలు గుర్తుపట్టడం నేర్పమన్నాను. "సదువుకున్న పిల్లకి నాను నేర్పడవేటి" అన్నాడు గాని నేర్పాడు. ముక్కు, చుక్కలు, పక్కగీత. తప్పు చెబితే చేపతోనే భుజం మీద కొడతాడు. బట్టలన్నీ నీచు వాసన. వారానికి రెండుసార్లు ఉతుకుతున్నాను, పోవడం లేదు.

అన్నం సయిస్తోంది. తిప్పేష్‌ను అడిగానని చెప్పు.

నీ
హేమ

*

తాడిపత్రి,
10 సెప్టెంబర్ 2002

హేమకు,

వానల్లేవు. గార్లదిన్నె చేలో శెనక్కాయ మొలిచి, చేతి వేలంత లేచి, ఎండిపోయింది. అమ్మ ఒకరోజు బాధపడింది, రెండోరోజు పొలానికి పోయి ఆ కట్టె పీకి ఎనుముకు మేతగా వేసింది. వీధికి నీళ్ల ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తోంది.

నాకు మిషను పని బాగా కుదిరింది. గరుకు రాయి అద్దంలా అయ్యేదాకా నీళ్లు పోస్తూ కనిపెట్టుకుని ఉండాలి. నిజం చెప్పాలంటే లోడింగ్ కంటే ఇదే బాగుంది. తిప్పేష్ మళ్లీ జోకులు వేస్తున్నాడు. దానికి ఆరు నెలలు పట్టింది. నిన్న మన ఇంటికొచ్చి సంగటి తిన్నాడు.

నువ్వు ఏప్రిల్‌లో వచ్చి పది రోజులు ఉండి పోయిన తర్వాత అమ్మ ఆ పది రోజుల గురించే నాలుగు నెలలు మాట్లాడింది. ఈసారి ఇరవై రోజులు ఉండు, ఏడాదికి సరిపోతాయి.

నీ బావ
గిరి

*

విశాఖపట్నం,
26 మార్చి 2003

ప్రియమైన బావకు,

నిన్న సమావేశం జరిగింది. తీరిగ్గా రాస్తున్నాను, అత్తను కూర్చోబెట్టుకుని చదువు.

ఈసారి నాలుగు వందల చేపలు. ప్రతి చేపను ముక్కు నుంచి తోక దాకా చూసి, ఫోటో తీసి, అప్పుడే రెక్క కత్తిరించాను. తూత్తుకుడికీ మంగళూరుకూ నేనే పోయాను. ఫలితం మొదటిసారంత గొప్పగా లేదు. విశాఖకూ తూత్తుకుడికీ మాకు తేడా కనపడలేదు. ఈ తూర్పు తీరమంతా చేప కలిసే తిరుగుతున్నట్టుంది. మంగళూరు కొద్దిగా వేరుగా ఉంది, కానీ గట్టిగా చెప్పడానికి ఇంకా చూడాలి.

హాల్లో అధికారులు ఒకవైపు, పడవల వాళ్లు ఒకవైపు. రామదాసు గారు నన్నే మాట్లాడమన్నారు. ముందుగా మేము మొదట పంపిన నివేదిక తప్పని, ఆ తప్పు ఎట్లా జరిగిందో, ఎవరు పట్టుకున్నారో చెప్పాను. వెనక వరసలో ఎర్రన్న లేచి నిలబడి అందరికీ దండం పెట్టాడు, సన్మానం అనుకున్నట్టున్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో నా బెరుకు పోయింది.

ఒక అధికారి, "అంటే విశాఖ వాళ్లు అదనంగా నెల ఆపనక్కర్లేదంటారా?" అని అడిగారు. "వీళ్లొక్కరే ఆపితే, వీళ్లు వదిలిన చేపను తూత్తుకుడి వాళ్లు పడతారు. ఆపితే రెండు రేవులూ ఒకే రోజుల్లో ఆపాలి. గుడ్లు పెట్టే రోజుల్లో" అన్నాను. వెనక నుంచి ఎర్రన్న, "అలా సెప్పండి! మేవొక్కలమే ఆపమంటే కోపమొత్తాది. అందరూ ఆపితే మేవూ ఆపుతాం. మా సేప మాకు సేదా ఏటి?" అన్నాడు.

ఆ అదనపు నెల ప్రతిపాదన తీసేశారు. తమిళనాడు అధికారులతో కలిసి కూర్చుని ఒకే తేదీలు పెట్టుకోవాలని రాసుకున్నారు. ఒప్పుకుంటారో లేదో తెలియదు. కానీ మొదటిసారి ఆ మాట కాగితం మీదకొచ్చింది.

థీసిస్ రాయడం మొదలుపెట్టాను. మేలో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, నాకూ పని తక్కువ. అత్తను తీసుకుని రా. సముద్రం చూపిస్తాను. వంజరం వండిస్తాను. ముల్లు తక్కువ, అత్త తినగలదు.

నీ
హేమ

*

తాడిపత్రి,
9 ఏప్రిల్ 2003

హేమకు,

మే రెండో వారానికి రైలు టిక్కెట్లు తీశాను. అమ్మ ఇప్పుడే సంచి సర్దుతోంది. సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటాయని చెబితే, "అన్ని నీళ్లుండి తాగేదానికి పనికిరావా? ఎవురు చేసినార్రా ఆ పని?" అని నన్ను కోప్పడింది.

నీ ఉత్తరం ఆమెకు మూడుసార్లు చదివాను. నాలుగోసారి వనజాక్షి టీచరుతో చదివించుకుంది.

నిన్న ట్యాంకరు దగ్గర వరసలో నిలబడ్డాం, అమ్మ ముందు, నేను వెనక. నా వెనక తిప్పేష్. వీధి ఆడవాళ్లలో ఒకామె, "ఏమక్కా, నీ కోడలు ఆడ ఏందో కనిపెట్టినాదంట గదా?" అని అడిగింది.

అమ్మ బిందె కింద పెట్టింది.

"కనిపెట్టేది అందురూ కనిపెడతారు. నా కోడలు తప్పు చేసినాది. చేసి, అంత పెద్ద ఆఫీసర్ల ముందర లేచి నిలబడి, ఇది నా తప్పు, మళ్లా పనంతా మొదట్నుంచి చేసినా, ఇప్పుడు సరిగ్గుండాది అని చెప్పినాది. మీ ఇండ్లల్లో ఎవురన్నా ఉండారా అట్ల చెప్పినోళ్లు?"

నేను ట్యాంకరు చక్రం వైపు చూస్తున్నాను. వెనక నుంచి తిప్పేష్ గట్టిగా అన్నాడు, "మీ ఇంట్లోనే ఇంగొకడు ఉండాడు గదక్కా! యజమాని ముందర చెప్పినోడు!"

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

"వాడా? వానికి రెండు నెల్లు పట్టె. నా కోడలికి నెలే" అని బిందె ఎత్తుకుని ముందుకు నడిచింది.

నీ బావ
గిరి